కావలివాడికి ఆరు నెలల కూలి, పన్నెండు నెలల కడుపు

పోయిన జూన్‌లో మా సంఘంలోనూ పర్యావరణ ఆదివారం జరిపాం. మూడు వేప మొక్కలు, రెండు కానుగ మొక్కలు నాటాం. ఒక్కో మొక్క చుట్టూ ఇరవై మంది నిలబడి ఫోటో దిగాం. నేను ఆదికాండం 2:15 మీద ప్రసంగించాను. మనిషిని తోటలో పెట్టింది దాన్ని సాగు చేయడానికి, కాయడానికి అని చెప్పాను. బాగా చెప్పానని పెద్దలు అన్నారు.

ఆరాధన అయ్యాక ఒక యౌవనస్థుడు నా కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. బీఎస్సీ చదివిన పిల్లవాడు, ఇరవై నాలుగేళ్లు. మూడు సీజన్లుగా రక్షిత అడవిలో ఫీల్డ్ అసిస్టెంట్‌గా పనిచేశాడు. చెట్టూ చేమా, గడ్డీ గాదం లెక్క రాసే పని.

"అయ్యగారూ, మీకు టిప్పరు ఓనర్లు ఎవరన్నా తెలుసునా? ఒక్క మాట చెప్పండి. డ్రైవింగు నేర్చుకున్న్యా."

"అడవి పని ఏమయిందిరా?"

"సీజన్ అయిపాయ గదా. వానలు పడినంక పిలుస్తామన్న్యారు. పోయినేడూ అట్లే అన్న్యారు. మూడు నెలల దుడ్డు ఇంకా రాల్యా."

అతన్ని పనిలో పెట్టుకున్నది ఎవరో ఇక్కడ రాయను. నా గొడవ ఒక ఆఫీసుతో కాదు, ఒక పద్ధతితో. ఇంకో సంగతి కూడా దాచను. రెండేళ్ల కింద ఇతనే వచ్చి ఇదే బాధ చెప్పినప్పుడు, "అనుభవం వస్తుంది, ఓర్చుకో, ప్రభువు చూసుకుంటాడు" అని పంపించింది నేనే.

ఈ పని ఎట్లా ఉంటుందో మన సంఘాల్లో చాలామందికి తెలియదు. బళ్లారి అంటే ఎర్రదుమ్ము, గనులు అనుకుంటారు. మా సండూరు తాలూకాలోని దరోజి దగ్గర ఎలుగుబంట్ల కోసమే ఒక అభయారణ్యం ఉంది. 1994లో ప్రకటించారు, తర్వాత పెంచారు. ఇప్పుడు దాదాపు 82 చదరపు కిలోమీటర్లు. కూడ్లిగి వైపు గుడేకోటెలో ఇంకొకటి ఉంది. హంపీకి వచ్చినవాళ్లు సాయంత్రం పూట దరోజికి పోయి వాచ్ టవర్ ఎక్కుతారు. గుండ్ల మీద బెల్లం, తేనె పూసి ఉంచితే ఎలుగులు దిగివచ్చి నాకుతాయి. చూసి చప్పట్లు కొట్టి వస్తారు. మా యూత్ కూడా రెండుసార్లు పోయొచ్చారు.

అయితే ఎలుగు బతికేది ఆ బెల్లం మీద కాదు. రేగు, పరికి, జాన, తుమికి, కలివి, రేల కాయలు, చెదపురుగులు, పట్టు తేనె. పొదలు కాస్తేనే దానికి తిండి. కాయకపోతే అది శెనగ చేలోకి, మొక్కజొన్నలోకి దిగుతుంది. తెల్లవారుజామున చెంబు పట్టుకుని పోయిన మనిషి ముఖం మీద పంజా పడుతుంది. కాబట్టి ఏ పొద ఎంత ఉంది, ఎప్పుడు కాసింది, లంటానా ఎంత మేర కమ్మింది, సర్కారు తుమ్మ ఎంత లోపలికి చొచ్చింది అని చూసి రాయడం ఉబుసుపోక చేసే పని కాదు. (సర్కారు తుమ్మకు కన్నడంలో పేరేమిటో తెలుసా? 'బళ్లారి జాలి'. మా ఊరికి దక్కిన కీర్తి అది.)

పొద్దున ఆరింటికల్లా లోపల ఉండాలి. జీపీఎస్ చూపిన చోటికి నడవాలి. మేకులు కొట్టి, తాడు కట్టి, ప్లాటు గీయాలి. చెట్టు మొదలు నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టి చుట్టుకొలత రాయాలి. మీటరు చదరంలో గడ్డి ఎంత, ఆకు ఎంత, బోడినేల ఎంత అని మోకాళ్ల మీద కూర్చుని చూడాలి. ఏ కొమ్మ నరికారు, ఎక్కడ మేకలు మేశాయి, ఎక్కడ నిప్పు పారింది అన్నీ రాయాలి. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న సారుకు లాటిన్ పేరు తెలుసు. ఎండాకాలంలో ఆకంతా రాలిన పొద బెరడు గీకి, వాసన చూసి, ఇది జాన, ఇది బలుసు అని చెప్పేది మాత్రం మా పిల్లవాడు. తెలుగులో ఒక పేరు, కన్నడంలో ఒక పేరు, తండాలో నేర్చుకున్న ఇంకో పేరు చెబుతాడు. కాగితం మీద మాత్రం అతను 'హెల్పరు'.

ఇదేమీ మా మూలన జరిగే చిన్న పని కాదు. 2018లో దేశమంతా పులుల లెక్క జరిగినప్పుడు మనుషులు కాలినడకన 5,22,996 కిలోమీటర్లు తిరిగారు. మొక్కలు, పేడ, లద్దెలు చూడడానికి 3,17,958 ప్లాట్లు పరిశీలించారు. మొత్తం 5,93,882 పనిదినాలు పట్టాయని ప్రభుత్వ నివేదికే చెప్పింది. ఆ సర్వేకు గిన్నిస్ రికార్డు వచ్చింది. దేనికి? కెమెరాలకు. నడిచిన కాళ్లకు కాదు.

మా సండూరు కొండలే చూడండి. దేవదారి కొండ మీద ఇనుప గని కోసం 401 హెక్టార్ల అడవి అడిగారు. 99,330 చెట్లు పోతాయని 2024లో పత్రికల్లో వచ్చింది. అందరూ ఆ అంకె చూసి అయ్యో అన్నారు. మంచిదే. కానీ తొంభై తొమ్మిది వేల మూడు వందల ముప్పై అని చివరి ముప్పై దాకా చెప్పగలిగామంటే, ఎవరో ఒకరు చెట్టు చెట్టుకూ నడిచినట్టే కదా? ఆ ఎవరో ఒకరి పేరు ఏ పత్రికలోనైనా చూశారా? అడవి కోసం కోర్టులో వాదించే వకీలుకూ, పర్యావరణ సభలో మాట్లాడే మనకూ అంకెలు అందించేది ఈ మనుషులే. వాళ్ల లెక్క లేకపోతే మన ఆవేశానికి ఆధారం లేదు.

ఇక 'సీజన్ పని' అన్న మాట సంగతి. వినడానికి న్యాయంగానే ఉంటుంది. గడ్డి వానకు మొలుస్తుంది, కాబట్టి గడ్డి లెక్క వానాకాలం తర్వాతే అంటారు. సరే. మరి కాయల లెక్క? అది ఎండాకాలంలో. నిప్పు గీతలు తీయడం మాఘ ఫాల్గుణాల్లో. లంటానా పీకేది వేళ్లు మెత్తబడ్డప్పుడు. తొట్లలో నీళ్లు చూసేది మే నెలలో. అడవికి పనిలేని నెల అంటూ లేదు. పనిని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక్కో మనిషిని పిలిచి, ఏ మనిషికీ ఏడాది నిండకుండా చూడడం మనుషులు చేసిన ఏర్పాటు. దానికి సీజన్ అని ప్రకృతి పేరు తగిలించారు.

దీంతో అడవికి కూడా నష్టమే. మొక్కల పరిశీలన విలువంతా అదే ప్లాటుకు, అవే కళ్లు, మళ్లీ మళ్లీ రావడంలో ఉంది. పోయినేడు ఇక్కడ నడుమెత్తు పెరిగిన జాన ఈ ఏడు మోకాలెత్తు ఎందుకు ఉందో చూసినవాడికే తెలుస్తుంది. మేక కొరికిందా, కాలి మళ్లీ చిగిర్చిందా? ఏటా కొత్త మనిషిని తెస్తే ఏటా కొత్త తప్పులు. ఆ తప్పుల మీద గ్రాఫులు గీస్తారు.

డబ్బు లేదంటారా? గనుల వల్ల పాడైన మా నాలుగు జిల్లాల పునరుద్ధరణ కోసం సుప్రీంకోర్టు 2022లో ఒప్పుకున్న ప్రణాళిక దాదాపు 25 వేల కోట్ల రూపాయలది. దాని మీద పర్యవేక్షణకు మన తెలుగువారే అయిన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారిని నియమించింది. నాటిన మొక్క బతికిందా చచ్చిందా అని ఏడాది పొడవునా చూసే మనిషికి అందులో జీతం ఉందా అని అడిగే హక్కు మనకు ఉంది. రోడ్లు, భవనాల లెక్కలు అడిగినంత గట్టిగా ఇదీ అడగాలి.

చట్టం మన వైపు లేదని అందరూ ఉమాదేవి కేసు చెబుతారు. ఆ కేసు పుట్టిందీ కర్ణాటకలోనే. దినకూలీగా ఎన్నాళ్లు చేసినా పర్మినెంటు చేయమని అడిగే హక్కు దానంతట అది రాదని 2006 ఏప్రిల్‌లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అంతవరకే చదివి పుస్తకం మూస్తారు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి చేయించుకుంటే అది వెట్టిచాకిరీ కిందికే వస్తుందని, 23వ అధికరణాన్ని చూపి 1982లోనే సుప్రీంకోర్టు చెప్పింది. రెగ్యులర్ ఉద్యోగి చేసే పనే చేస్తున్న తాత్కాలిక ఉద్యోగికి ఆ హోదా కనీస జీతం ఇవ్వాలని 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో చెప్పింది. 2024 డిసెంబర్‌లో జగ్గో కేసులో, ఏళ్ల తరబడి ఊడ్చే పని, తోట పని చేసినవాళ్లను తీసేసినప్పుడు, ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని మనుషులను వాడుకోవడం తగదని ప్రభుత్వాన్నే తప్పుపట్టి వాళ్లను తిరిగి తీసుకోమంది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ నాలుగూ మీ ఫోన్లో దింపుకోండి. యూత్ మీటింగులో బైబిల్ క్విజ్ పెట్టుకునే మీకు ఇవి కష్టం కాదు.

బయటి దేశాల్లో బాగుందనీ నేను చెప్పను. అమెరికా జాతీయ పార్కుల్లో సీజన్ ఉద్యోగులకు ఏడాదికి 1,040 గంటలు దాటనివ్వరు. అందుకే ఆ ఉద్యోగాలకు '1039' అనే పేరుంది. 2025 ఫిబ్రవరిలో అక్కడ కొత్తగా చేరిన దాదాపు వెయ్యిమందిని ఒక్కసారిగా తీసేశారు. సీజన్ ఉద్యోగాల కబుర్లు కూడా వెనక్కి తీసుకుని, గొడవయ్యాక మళ్లీ ఇచ్చారు. ఉపాయం అక్కడా ఇక్కడా ఒకటే. తేడా ఒక్కటి ఉంది. అక్కడ ఆ ఉద్యోగం బహిరంగంగా ప్రకటిస్తారు, జీతం ఎంతో ముందే రాసి ఉంటుంది. ఇక్కడ ఒక ఫోన్ వస్తుంది: "రేపు ఆరింటికి గేటు దగ్గరికి రా."

ఇప్పుడు మన ఇంటి సంగతి.

ఆదికాండం 2:15లో 'కాయడం' అన్నచోట హీబ్రూలో ఉన్నది 'షామర్' అనే ధాతువు. సెమినరీలో మొదటి ఏడాదే నేర్పిన మాట. అదే మాట 4:9లో కయీను నోట వస్తుంది, తమ్ముడి సంగతి అడిగినప్పుడు తప్పించుకోవడానికి. కీర్తన 121 నిండా అదే మాట. అక్కడ కావలివాడు దేవుడే. తోటను కాయడం, తమ్ముణ్ణి కాయడం, ప్రజలను కాయడం అన్నిటికీ వాక్యం ఒకే మాట వాడింది. మనం మాత్రం తోట దగ్గర ఆగిపోయాం. మొక్కతో ఫోటో దిగి, మొక్కను కాసే తమ్ముడి సంగతి వచ్చేసరికి కయీను మాటే మాట్లాడుతున్నాం.

యాకోబు పత్రిక 5:4లో మొరపెట్టేది కోత కూలి. అంటే సీజన్ పనివాడి కూలే. మత్తయి 20లో సాయంత్రం దాకా అడ్డా మీద నిలబడ్డవాళ్లను సోమరులని యేసు అనలేదు. వాళ్లను ఎవరూ పిలవలేదు, అంతే. ఆఖరున వచ్చినవాడికీ యజమాని పూర్తి రోజు కూలి ఇచ్చాడు. ఈ ఉపమానాన్ని మనం రక్షణ గురించి, కృప గురించి మాత్రమే బోధిస్తాం. ఒక దేనారము అంటే ఒక ఇంటికి ఒక రోజు తిండి అన్న సంగతి దాటేస్తాం. పని గంట తగ్గినా ఇంట్లో నోళ్లు తగ్గవని ఆ యజమానికి తెలుసు.

ఆ మాట బోధించడానికి మనకు నోరెట్లా వస్తుంది? పది నెలల జీతమిచ్చి వేసవి రెండు నెలలు టీచర్లను ఇంటికి పంపే మిషన్ స్కూళ్లు మనలో లేవా? కానుక పెట్టెలోంచి తీసి ఇచ్చినప్పుడు ఇచ్చినట్టుగా బతికే గుడి వాచ్‌మన్ లేడా? 1810లో లండన్ మిషన్ వాళ్లు బళ్లారికి వచ్చిన నాటి నుంచి ఇక్కడ మన చరిత్ర రెండు వందల ఏళ్లు దాటింది. బడులు కట్టాం, బైబిలు తర్జుమాలు చేశాం. మన కింద పనిచేసేవాడికి పన్నెండు నెలల జీతం ఇవ్వడం ఇంకా నేర్చుకోలేదు. అటవీ శాఖనో, పరిశోధన సంస్థనో, ప్రాజెక్టు సారునో అడగబోయే ముందు మన మస్టరు మనం తెరవాలి. నాతో ఏకీభవించని పాస్టర్లు ఉంటారు. "పనిలేని కాలంలో ఏ పనైనా దొరకడమే దీవెన" అంటారు. ఆ మాట మీ కొడుకుతో అనగలరా అని మాత్రం అడుగుతాను.

మేము పెట్టిన డిమాండ్లు పెద్దవేమీ కావు. పనిలోకి తీసుకున్నట్టు ఒక కాగితం. నెల నెలా బ్యాంకులో పడే కూలి. ఎలుగు పట్టినా పాము కరిచినా ఆసుపత్రి ఖర్చుకు బీమా. పోయినేడు చేసినవాణ్ణే ఈ ఏడు మొదట పిలవాలన్న నియమం. సీజన్ల మధ్య నిప్పు గీతలు, లంటానా పని వాళ్లకే ఇవ్వడం. నివేదికలో సారు పేరు కింద వాళ్ల పేర్లు.

మా గుడి వెనక గదిలో ఇప్పుడు ఒక నోటుపుస్తకం ఉంది. అడవి పని చేసి వచ్చిన పిల్లలు ప్రతి గురువారం సాయంత్రం వచ్చి ఏ తేదీన ఎన్ని ప్లాట్లు వేశారు, ఎంత అన్నారు, ఎంత ఇచ్చారు అని రాసి సంతకం పెడుతున్నారు. మొదటి వారం ఇద్దరే వచ్చారు. ఇప్పుడు పదకొండు మంది. అందులో ముగ్గురు మన సంఘంవాళ్లు కారు, బోయవాళ్ల ఇంటి పిల్లలు ఇద్దరు, తండా నుంచి ఒకడు. బకాయిల వివరాలతో కార్మిక శాఖకు ఇవ్వాల్సిన అర్జీ కన్నడంలో రాయించాం. గేటు దగ్గర నిలబడిన కుర్రాడు టిప్పరు తోలుతున్నాడు, రాత్రి డ్యూటీ. అర్జీ మీద మొదటి సంతకం అతనిదే. సంతకం పెట్టి, "వానలు పడినంక పిలిస్తే పోవాల్నా వద్దా అయ్యగారూ?" అని అడిగాడు. కాగితం ఇస్తే పో అన్నాను.