ఇంటి భాషలో నూరు కథలు

ఇటలీ దేశపు కథకుడు జొవాన్ని బొకాచియో (1313–1375)ను ఈ నెల మా పాఠకులకు పరిచయం చేయదలచాము.

1348లో ఫ్లారెన్సు నగరాన్ని ప్లేగు ఊడ్చిపెట్టింది. ఏడుగురు యువతులు, ముగ్గురు యువకులు ఊరు విడిచి, పల్లెపట్టున ఒక ఉద్యానగృహం చేరి, కాలక్షేపానికి కథలు చెప్పుకుంటారు. రోజుకు పది చొప్పున పది రోజులకు నూరు కథలు. ఇదే 'డెకామెరాన్'. కథలో కథ ఇమిడ్చే పద్ధతి పంచతంత్రం చదివిన మనకు కొత్త కాదు. అయితే ఇందులోనివారు వర్తకులు, సన్యాసులు, ఇల్లాండ్రు, వంటవాళ్లు. కొన్ని కథలు పిల్లల ముందు చదవదగినవి కావన్నది కూడా నిజమే.

ఆనాడు పండితుల భాష లాటిన్. బొకాచియో ఈ కథలను స్త్రీల కోసమని చెప్పి, ఇళ్లలో మాట్లాడుకొనే టస్కన్ భాషలో వ్రాశాడు. వృద్ధాప్యంలో ఆయనకే సంకోచం కలిగి, మీ ఇంటి ఆడవారిని నా కథలు చదవనివ్వవద్దని ఒక మిత్రునికి ఉత్తరం వ్రాశాడు. అయినా 1370 ప్రాంతంలో ఆ గ్రంథాన్ని స్వహస్తంతో శ్రద్ధగా ఎత్తి వ్రాసుకున్నాడు. ఆ ప్రతి నేటికీ బెర్లిన్‌లో ఉంది.

ఆయన ఆప్తమిత్రుడు, మహాకవి పెట్రార్కు ఈ పుస్తకాన్ని పైపైననే చూశానన్నాడు. కాని గ్రిసెల్డా అనే పేదింటి పడుచు ఓర్పును చెప్పే చివరి కథ ఆయన మనసును పట్టుకున్నది. 1373లో దానిని తానే లాటిన్‌లోకి మార్చాడు. ఆ లాటిన్ నుండే ఇంగ్లండులో చాసర్ దానిని అందుకున్నాడు.

బొకాచియో పాండిత్యమూ తక్కువది కాదు. గ్రీకు నేర్చిన లియాంటియస్ పిలేటస్‌ను ఫ్లారెన్సుకు రప్పించి, తన ఇంట ఉంచుకొని, హోమరు కావ్యాలను లాటిన్ చేయించాడు. ప్రాచీన దేవతల వంశావళిని పదిహేను భాగాల లాటిన్ గ్రంథంగా కూర్చాడు. పునరుజ్జీవన యుగపు పండితులకు అది చాలాకాలం ఆధారగ్రంథమయింది. అయినా 1525లో పియెత్రో బెంబో ఇటాలియన్ రచనకు ఒరవడి నిర్ణయిస్తూ పద్యానికి పెట్రార్కును, వచనానికి బొకాచియోను చూపినప్పుడు, ఆయన ఎంచినది ఈ ఇంటి భాషలోని కథలనే.

పొరుగు భాషల నడుమ తరాలుగా తెలుగును ఇంట నిలుపుకొంటూ వస్తున్న మనం దీనిని గమనించాలి. ఇంటి మాట వ్రాతకు పనికిరాదని తలచరాదు. మన అవ్వలు చెప్పే కథలు వ్రాయకపోతే వారితోనే పోతాయి. సెలవులలో పిల్లలచేత ఒక్కొక్క కథనైనా, అవ్వ చెప్పిన మాటలలోనే, నోటుపుస్తకంలో వ్రాయించవలసిందిగా కోరుతున్నాము.