మిగిలిన అన్నం ఎవరి ఆకలి తీరుస్తుంది?

సెప్టెంబర్ 29 వస్తే ఆహార వృథా గురించి ఉపన్యాసాలు మొదలవుతాయి. ఐక్యరాజ్యసమితి 2019లో ఈ రోజును ఆహార వృథాపై అవగాహన దినంగా ప్రకటించింది. ఏటా వినిపించే మాట ఒక్కటే: కంచంలో వదిలేసే ముందు ఆకలితో ఉన్నవాళ్లను తలుచుకోండి. మాట మంచిదే. కానీ హైదరాబాద్ అపార్ట్‌మెంటులో పారబోయకుండా మిగిల్చిన బియ్యం, ఆదిలాబాద్ గూడెంలో పిల్ల కంచంలోకి తనంతట తాను నడిచి వెళ్లదు. వెళ్లే దారి ఏది? ఆ దారికి అడ్డంగా ఉన్నది ఏది?

ముందు లెక్కలు చూద్దాం. ఐరాస పర్యావరణ విభాగం 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం 105 కోట్ల టన్నుల ఆహారాన్ని వృథా చేసింది. వినియోగదారుల దాకా వచ్చిన ఆహారంలో ఇది 19 శాతం. ఇందులో 60 శాతం, అంటే 63.1 కోట్ల టన్నులు, ఇళ్లలోనే పోయింది. హోటళ్లూ దుకాణాలూ ఆ తర్వాతే. మరోవైపు 2024లో ప్రపంచంలో సుమారు 67.3 కోట్ల మంది ఆకలితో ఉన్నారని ఐరాస సంస్థలే చెబుతున్నాయి.

మన దేశంలో ఇళ్ల వృథా మనిషికి ఏడాదికి సుమారు 55 కిలోలని అదే నివేదిక అంచనా. ఇందులో తొక్కలు, ఎముకలు కూడా కలిసే ఉన్నాయి. ఈ 55 కిలోలు ఎవరివి? ఫ్రిజ్‌లో కూరలు కుళ్లిపోయే ఇల్లూ, రాత్రి అన్నంలో నీళ్లు పోసి పొద్దున చద్దన్నంగా తిని పనికి పోయే ఇల్లూ ఒకే సగటులో కలిసిపోయాయి. వృథాను కులాలవారీగా ఎవరూ లెక్కించలేదు. ఆకలికి మాత్రం ఆ లెక్క ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో 35.5 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఎస్సీ పిల్లల్లో అది సుమారు 39 శాతం, ఎస్టీ పిల్లల్లో సుమారు 41 శాతం.

తిండి లేక ఈ పరిస్థితి వచ్చిందా? 2001లో ప్రభుత్వ గోదాముల్లో ధాన్యం పేరుకుపోయి ఉండగానే రాజస్థాన్ కరువు పల్లెలు ఆకలితో అలమటించాయి. పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది అందుకే. ఆ కేసు వల్లే బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం తప్పనిసరి అయింది. ఆహారం ఉండటం వేరు, దాని మీద మనిషికి హక్కు ఉండటం వేరని అమర్త్యసేన్ 1981లోనే కరువులపై రాసిన పుస్తకంలో వివరించారు.

మన దగ్గర ఆ హక్కుకు కులం అడ్డుపడుతుంది. మధ్యాహ్న భోజనం వంటవాళ్లుగా దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో ఏం జరిగింది? దళిత మహిళ వండిందని అగ్రకుల పిల్లలు బడి అన్నం ముట్టలేదు. అధికారులు నియామకంలో లోపం చూపి ఆమెనే తొలగించారు. ఆమె స్థానంలో వచ్చిన అగ్రకుల మహిళ వండితే తినబోమని దళిత పిల్లలు ఎదురుతిరిగారు. వేడివేడి అన్నాన్ని కులం పేరుతో వద్దనడం కూడా ఆహార వృథాయే. ఏ నివేదికా దాన్ని టన్నుల్లో తూచదు.

అందుకే ‘మిగిలింది పేదలకు ఇవ్వండి’ అనే సలహా దగ్గర మనం ఆగి ఆలోచించాలి. మన భాషలో మిగులు వేరు, ఎంగిలి వేరు. వడ్డించక ముందు గిన్నెలో ఉన్నది మిగులు. విస్తట్లో వదిలేసింది ఎంగిలి. తరతరాలుగా వాడలకు విసిరింది ఈ రెండోదే. ఓంప్రకాశ్ వాల్మీకి తన ఆత్మకథకు ‘జూఠన్’ అని పేరు పెట్టారు. ఆ మాటకు అర్థం ఎంగిలి. పెళ్లి ఇంట్లో పిల్లలకు కాస్త అన్నం అడిగితే, ఆ ఇంటి పెద్ద ఎంగిలి బుట్ట చూపించాడు. తల్లి ఆ బుట్టను అక్కడే కుమ్మరించి వెళ్లిపోయింది. మళ్లీ ఆ గడప తొక్కలేదు. మిగులు ఆహారాన్ని శుభ్రంగా సేకరించి పంచడానికి 2019లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం గౌరవంగా పంచితే మంచిదే. అయితే ఫంక్షన్ హాల్లో మిగిలిన బిర్యానీ రేషన్ కార్డుకు బదులు కాదు.

రేషన్ కార్డు సంగతీ చూద్దాం. 2013 ఆహార భద్రతా చట్టం జనాభాలో 67 శాతం మందికి వర్తించాలి. కానీ ఇప్పటికీ 2011 జనాభా లెక్కలే ఆధారం. దీనివల్ల 10 కోట్లకు పైగా మంది చట్టానికి బయట ఉండిపోయారని జీన్ డ్రెజ్, రీతికా ఖేరా 2020లో అంచనా వేశారు. అందే బియ్యం తినేలా ఉండటమూ ముఖ్యమే. దొడ్డు బియ్యం తినలేక జనం అమ్ముకుంటున్నారనే తెలంగాణ 2025 ఉగాది నుంచి సన్న బియ్యం మొదలుపెట్టింది.

అలాగని ఇంట్లో వృథాను తేలిగ్గా తీసుకోవద్దు. మనం పారేసిన అన్నం మాయమైపోదు. హైదరాబాద్‌లో అయితే అది జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు చేరుతుంది. కుళ్లి మీథేన్ అవుతుంది. దారిలో దాన్ని చేతులతో ఎత్తేదీ, ప్లాస్టిక్ నుంచి వేరు చేసేదీ పారిశుధ్య కార్మికులు. వాళ్లలో ఎక్కువమంది దళితులు. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వాలని 2016 నిబంధనలే చెప్పినా, కలిపి పారేసే ఇళ్లు ఎన్నో. పండించిన కూలీ చెమటా, ఎత్తిపోసే కార్మికురాలి చెమటా ఆ సంచిలో ఉన్నాయి. కావలసినంతే వండటం, మిగిలింది మనమే తినడం, చెత్త వేరు చేయడం వాళ్ల శ్రమకు మనం బాకీ ఉన్న గౌరవం. దాన్ని దానం అనుకోకూడదు.

విద్యార్థి, కార్మిక సంఘాలు ఈ రెండింటినీ కలిపి అడగాలి. హాస్టల్ మెస్‌లో రోజూ ఎంత పారబోస్తున్నారో, ఎందుకు పారబోస్తున్నారో లెక్క తీయండి. వంట బాగాలేకపోతే తప్పు పిల్లలది కాదు. మీ ఊళ్లో కార్డు లేని కుటుంబాల జాబితా రాసి తహసీల్దార్‌కు ఇవ్వండి. బడి వంటగదిలో దళిత మహిళ ఉందా, ఆమె వండింది అందరూ ఒకే పంక్తిలో తింటున్నారా చూడండి. ఆ పంక్తి తెగిన చోట ఎంత అన్నం మిగిల్చినా అది ఆకలిగా ఉన్న పిల్ల దాకా చేరదు.