పదహారేళ్ల తర్వాత అదే పాట

రాయ్‌పూర్‌లో మా డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ రాత్రి పదకొండు దాటినా పూర్తిగా సద్దుమణగదు. గూడ్సు బళ్ల బరువుకి కిటికీ రెక్కలు సన్నగా వణుకుతుంటాయి. ఉర్లా, సిల్తారా వైపు వెళ్తే రోలింగ్ మిల్లుల హోరు చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది. మెల్లగా, బరువుగా సాగే రాక్ సంగీతం డూమ్ మెటల్ నాకు పరాయిది అనిపించకపోవడానికి ఈ ఊరే కారణం.

అదీ ఇనుముతో పనిచేసే ఊళ్లోనే పుట్టింది. 1965లో బర్మింగ్‌హామ్‌లోని ఒక రేకుల ఫ్యాక్టరీలో, పదిహేడేళ్ల టోనీ అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొసలు యంత్రంలో పడి తెగిపోయాయి. ప్లాస్టిక్ కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని మళ్లీ గిటార్ పట్టాడు. నొప్పి తగ్గడానికి తర్వాత తీగలు వదులు చేసుకున్నాడు. తీగ వదులైతే స్వరం దిగింది. అతని బృందం బ్లాక్ సబ్బాత్ పాటల్లోని బరువు కొంత ఆ గాయం నుంచి వచ్చిందే. ఆ బృందం మొదట్లో ‘ఎర్త్’ అని పేరు పెట్టుకుని, తర్వాత వదిలేసింది. వాళ్లు వదిలేసిన ఆ పేరునే 1989లో అమెరికాలోని ఒలింపియాలో డిలన్ కార్ల్‌సన్ తన బృందానికి పెట్టుకున్నాడు.

1993లో వచ్చిన వాళ్ల ‘ఎర్త్ 2’ ఆల్బమ్‌లో ఉన్నవి మూడే మూడు పాటలు. అన్నీ కలిపి గంటంబావు దాకా సాగుతాయి. గొంతు లేదు, తాళం దాదాపు లేదు. ఒక్క మంద్ర స్వరం మీద గిటార్ నిలబడి, ఎండలో డాంబరులా మెల్లగా కదులుతుంది. మొదటిసారి వింటున్నప్పుడు మా అమ్మ వంటింట్లోంచి వచ్చింది. పిల్లలకు సంగీతం చెప్పే మనిషి, శ్రుతిపెట్టె లేని రోజు లేదు ఆవిడకి. కాసేపు నిలబడి, “శ్రుతి బాగా కుదిరిందిరా. పాట ఎప్పుడు మొదలెడతాడు?” అంది.

ఆవిడ చెవి తప్పలేదు. కార్ల్‌సన్‌ను ప్రభావితం చేసినవాళ్లలో లా మాంటీ యంగ్, టెర్రీ రైలీ ఉన్నారు. వాళ్లిద్దరూ 1970 నుంచి కిరానా ఘరానా గాయకుడు పండిత్ ప్రాణ్‌నాథ్ శిష్యులు. మన తంబురా నాదం ఇలా న్యూయార్క్ మీదుగా ఒక మెటల్ గిటారిస్టు చేతికి చేరింది. డూమ్ అంటే నిరాశ, చావు అని చిన్నచూపు చూసేవాళ్లకి నేను ఈ దారినే చూపిస్తాను.

నేను అసలు చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. 1991 నాటి ఎర్త్ మొదటి రికార్డులో ‘ఊరబోరోస్ ఈజ్ బ్రోకెన్’ అనే పాట ఉంది. దాదాపు 18 నిమిషాలు, గరగరలాడే గిటార్. మధ్యలో మత్తుమందుకు బానిసై కార్ల్‌సన్ కొన్నేళ్లు సంగీతానికే దూరమయ్యాడు. తిరిగొచ్చాక, 2007లో వచ్చిన ‘హైబర్నాక్యులమ్’ కోసం మరికొన్ని పాత పాటలతోపాటు దీన్నీ మళ్లీ రికార్డు చేశాడు. ఈసారి 8 నిమిషాల పైచిలుకే. గరగర పోయి తీగ విడివిడిగా వినిపిస్తుంది. ఏడ్రియన్ డేవిస్ డ్రమ్ మీద ఒక దెబ్బ వేసి, రెండో దెబ్బకి తొందరపడదు.

సినిమావాళ్లకి రీరికార్డింగ్ అంటే నేపథ్య సంగీతం. నేను మాట్లాడుతున్నది మనిషి తన పాటను తానే మళ్లీ పాడుకోవడం గురించి. సినిమాల్లోనూ ఇలాంటిది జరిగింది. దర్శకుడు సి.పుల్లయ్య 1934లో తాను తీసిన ‘లవకుశ’నే రంగుల్లో మళ్లీ మొదలుపెట్టాడు. డబ్బు చాలక ఏళ్ల తరబడి ఆగిన ఆ సినిమాను కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేస్తే 1963లో విడుదలైంది. రెండోది ఎంత గొప్పగా ఆడిందంటే, మొదటిదాని ఊసు ఎత్తేవాళ్లే అరుదైపోయారు. నాకు బాధ అక్కడే. కొత్తది నచ్చితే పాతదాన్ని అటకెక్కించడం మనకు అలవాటైపోయింది. కచేరీల్లో మాత్రం ఇలా చెయ్యం. ఒకే కీర్తన అదే విద్వాంసుడు ముప్ఫైలో పాడిందీ, డెబ్బైలో పాడిందీ రెండూ దాచుకుంటాం. పడుచు గొంతు పరుగు ఒకదాంట్లో, ముసలి గొంతు ఆచితూచి వేసే అడుగు మరోదాంట్లో. దేన్నీ తప్పు దిద్దినట్టు చూడం. 1991 పాటనూ 2007 పాటనూ అలాగే వినాలి, వీలైతే ఒకే రాత్రి, ఒకదాని వెంట ఒకటి.

మొన్న అలాగే విన్నాను. రెండోది సగంలో ఉండగా అమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. ఇందాక మోగిందీ ఇదే మనిషి ఇదే పాట అని చెప్పాను. డ్రమ్ దెబ్బల మధ్య ఖాళీని చేత్తో తొడమీద వేస్తూ చివరిదాకా వింది.

“ఇప్పుడు ఊపిరి తీసుకుంటున్నాడు” అంది. “ఆ మొదటిది ఇంకోసారి పెట్టు.”