మోచేతి చుట్టు మీద ఒక అభియోగం

సంగీతజ్ఞులమని చెప్పుకునే మనలో ఒక దురాచారం వేళ్ళూనుకుని ఉంది. కచేరీ ముగియగానే మైకు తీగను అరచేతికీ మోచేతికీ మధ్య గబగబా చుట్టడం, మిగిలిన కొసను దాని నడుముకే బిగించి ముడివేయడం, సంచిలో కుక్కడం. దీన్ని అలవాటు అంటున్నారు. అపచారం అంటాను నేను. అతిశయోక్తి అనుకునేవారు ముందు నా నేరం వినండి.

కొన్నేళ్ళ క్రితం ఒక శ్రీరామనవమి పందిట్లో గాత్రానికి వయొలిన్ సహకారం అందిస్తున్నాను. కల్యాణి ఆలాపన మంద్రం నుంచి పైకి సాగుతున్న వేళ స్పీకర్లలో గుర్రుమని రొద మొదలైంది. గాయకుడు ఆగిపోయాడు. నిర్వాహకులు మైకుసెట్టు కుర్రవాణ్ణి నలుగురిలో నిలబెట్టి తిట్టారు. ఆ రాత్రి అతని కూలిలో కోత కూడా పెట్టారు. ఇంటికి వచ్చి విప్పి చూద్దును గదా, తెగింది నా వయొలిన్ పికప్ తీగ! జాకు దగ్గర రాగిపోగులు ఒక్కొక్కటిగా చిట్లి ఉన్నాయి. ఏళ్ళ తరబడి దాన్ని మోచేతికి చుట్టినవాణ్ణి నేనే. మర్నాడు నిర్వాహకులకు నిజం చెప్పి, కోసిన కూలి నేను కట్టాను. నలుగురిలో అతను పడ్డ మాటను మాత్రం వెనక్కి తీసుకురాలేకపోయాను.

ఇంతకీ మోచేయి చేసే హాని ఏమిటి? పికప్ తీగ నడుమ సంకేతాన్ని మోసే పోగు ఉంటుంది. దాని చుట్టూ తొడుగు, ఆపైన సన్నని రాగిపోగుల కవచం, అన్నిటికీ పైన రబ్బరు. ఆ కవచమే బయటి విద్యుత్తు రొదను లోనికి రానివ్వదు. అది తెగితే వినిపించేది గుర్రుమనే హోరే. మోచేతికి చుట్టిన ప్రతిసారీ తీగ అవే చోట్ల బిగువుగా వంగుతుంది. రాగిని పదే పదే వంచితే గట్టిపడి పెళుసై తెగుతుంది. అంతకన్నా పెద్ద హాని మెలి. ఒకే దిశలో వేసిన ప్రతి చుట్టూ తీగకు ఒక పూర్తి పురి ఎక్కిస్తుంది. 10 మీటర్ల తీగను మీటరుకొక చుట్టుగా చుడితే 10 పురులు! విసిరి చూడండి, పాములా మెలికలు తిరిగి తనలో తానే చిక్కుకుంటుంది. చాంతాడుకు పురి ఎక్కితే చేద గిరగిర తిరగడం చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

విరుగుడు కష్టమైనదేమీ కాదు. ఎడమచేత తీగ కొసను పట్టుకుని, కుడిచేత మీటరు తీగ తెచ్చి మామూలుగా ఒక చుట్టు వేయండి. రెండో చుట్టుకు కుడి మణికట్టును తిప్పి, చుట్టును తిరగేసి వేయండి. మిగిలిన తీగ ఆ చుట్టు లోపలివైపు నుంచి వెళ్ళాలి. మూడోది మళ్ళీ మామూలుగా, నాలుగోది తిరగేసి. ఒక చుట్టు ఎక్కించిన పురిని మరొక చుట్టు దించేస్తుంది. కొసను చుట్టల మధ్య నుంచి మాత్రం దూరనివ్వకండి. విప్పేటప్పుడు వరసగా ముడులు పడతాయి. తీగను తీగతోనే కట్టకండి, ఒక నూలు నాడా చాలు. సన్నని మేకుకు కాక వెడల్పాటి కొయ్యకు తగిలించండి.

"సంచిలో వేస్తే చాలు, చిక్కు పడితే అప్పుడు చూసుకుందాం" అనే మిత్రులున్నారు. 2007లో శాన్‌డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డోరియన్ రేమర్, డగ్లస్ స్మిత్ ఒక పెట్టెలో తాడు వేసి గిరగిర తిప్పి చూశారు. క్షణాల్లోనే ముడులు పడ్డాయి. 46 సెంటీమీటర్ల కన్నా పొట్టి తాడుకే ముడి పడలేదు. మన తీగలేమో మీటర్ల పొడవైనవి! సంచిలో వదిలేసిన తీగకు కదలికే శత్రువు. నాడా కట్టిన చుట్టకు కదిలే వీలుండదు.

"మా పెద్దలు ఇలాగే చుట్టారు" అనేది మరొక వాదం. ఆ పెద్దలే వాయించాక కమాను వెంట్రుకలు సడలించడం, మృదంగం తొప్పి మీది రవ్వముద్ద గీకివేయడం కూడా నేర్పారు. ఆ రెండూ శాస్త్రమని పాటిస్తూ, తీగ దగ్గర మాత్రం తొందరను సంప్రదాయం చేసుకున్నాం. చుట్ట సరిగా వేయడానికి పట్టేది ఒక నిమిషం. మంగళం పాడేందుకు ఉన్న ఓపిక ఆ నిమిషానికి లేదా?

చివరి వాదం అన్నిటికన్నా హీనమైనది: "అది మైకువాడి పని." నిజమే, అతని తీగలు అతని పని. అయితే మన వాద్యం నుంచి బయలుదేరే తీగ మన వాద్యంలో భాగం. నాదం దాని గుండా పోయి శ్రోతను చేరుతున్నప్పుడు అది నాలుగో తంత్రి తరువాత ఐదోది. తంత్రి తెగితే సిగ్గుపడి కొత్తది బిగిస్తాం. తీగ తెగితే వెనక్కి తిరిగి కుర్రవాడి కోసం వెతుకుతాం.

నా తీగను నాలుగంగుళాలు కోసి, మళ్ళీ జాకుకు టంకం వేశాను. ఇప్పటికీ అదే వాడుతున్నాను. ఈసారి కచేరీలో రొద పుడితే, తిట్టడానికి నోరు తెరిచే ముందు మీ సంచి ఒకసారి తెరిచి చూసుకోండి.