రాబియా చౌరస్తాలో చచ్చిందెవరు?

మా ఇళ్లల్లో ఆడపిల్ల పుడితే రాబియా అని పేరు పెట్టుకుంటాం. బస్రా ఊరి సూఫీ తల్లి పేరది. ఒక చేతిలో నిప్పు, ఇంకో చేతిలో నీళ్లు పట్టుకొని వీధిలో నడిచిందని మా దాదీలు, నానీలు కథ చెప్తారు. ఎక్కడికమ్మా అంటే, స్వర్గాన్ని తగలబెట్టి నరకాన్ని ఆర్పేసి వస్తాను, అప్పుడైనా మనుషులు ఆశ లేకుండా, భయం లేకుండా అల్లాను ప్రేమిస్తారు అందట.

ఆ తల్లి పేరుతో కైరోలో ఒక మసీదుంది. దాని ముందరి చౌరస్తాకూ ఆమె పేరే. 2013 ఆగస్టు 14 పొద్దున ఆ చౌరస్తాకు నాలుగు దిక్కుల నుంచీ సాయుధ వాహనాలొచ్చాయి. బుల్‌డోజర్లొచ్చాయి. బుల్‌డోజరంటే ఏమిటో ఇవాళ మాకు ఎవరూ వివరించక్కర్లేదు. మిద్దెల మీద నుంచి గురిచూసి కాల్చారు. దారి వదులుతామన్నవాళ్లు రోజులో చాలాసేపు ఏ దారీ వదల్లేదు. పన్నెండు గంటల్లో కనీసం 817 మంది చచ్చిపోయారని హ్యూమన్ రైట్స్ వాచ్ ఏడాదిపాటు విచారించి 2014లో తేల్చింది. దగ్గర్లోని ఈమాన్ మసీదులో కఫన్లు చుట్టిన శవాలను వరసలుగా పడుకోబెట్టి, ఆగస్టు ఎండకు కుళ్లిపోకుండా మంచుగడ్డలు పెట్టారు. చచ్చినవాళ్లలో అస్మా బెల్తాగీ అనే పదిహేడేళ్ల పిల్ల ఉంది.

వాళ్లు చేసిన నేరమేమిటి? తాము 2012లో ఓట్లేసి గెలిపించిన ప్రెసిడెంటు మోర్సీని 2013 జూలై 3న సైన్యాధిపతి సీసీ దించేస్తే, మా ఓటు మాకివ్వండని కూర్చున్నారు. రంజాన్ అంతా అక్కడే రోజాలున్నారు. ఈద్ నమాజూ అక్కడే చదివారు. ఆ మధ్యలోనే జూలై 8న యాభై మందికి పైగా, జూలై 27న ఎనభై మందికి పైగా కాల్చేశారు. అయినా లేవలేదు. మొత్తం చౌరస్తా వెతికితే దొరికినవి 15 తుపాకులని ఆ దేశపు హోం మంత్రే చెప్పాడు. పోలీసుల్లో ఎనిమిది మంది చనిపోయారు. ఆ ఎనిమిది ప్రాణాలూ ప్రాణాలే. కానీ 15 తుపాకుల పేరు చెప్పి వేల మంది ఆడవాళ్లూ పిల్లలూ కూర్చున్న చోట గుళ్లవాన కురిపించడాన్ని ఏమనాలి?

తియనాన్మెన్ పేరు మన కాలేజీ పిల్లలక్కూడా తెలుసు. తెలియాలి కూడా. మరి రాబియా పేరు ఎందరికి తెలుసు? చచ్చినవాళ్ల గడ్డాలు, హిజాబులు చూసి మీ కన్నీళ్లు ఆగిపోయాయా?

ప్రపంచానికి ప్రజాస్వామ్యం పంచిపెట్టే అమెరికాను చూడండి. సైన్యం ప్రజాస్వామ్యాన్ని పునరుద్ధరిస్తోందని ఆ ఊచకోతకు రెండు వారాల ముందే విదేశాంగ మంత్రి కెర్రీ సెలవిచ్చాడు. తిరుగుబాటును తిరుగుబాటని పిలవడానికి కూడా ఆ ప్రభుత్వానికి నోరు రాలేదు. కొంత సైనిక సాయాన్ని 2013 అక్టోబరులో ఆపినట్టు ఆపి, 2015 మార్చిలో వదిలేశారు. ఫ్రాన్సు 2015లో 24 రాఫెల్ యుద్ధ విమానాలమ్మింది. 2020లో తన అత్యున్నత పతకాన్ని సీసీ మెడలో వేసింది. సూయెజ్ కాలువ, ఇజ్రాయెల్‌తో ఒప్పందం, ఆయుధాల బేరం. వీటి ముందు 817 జనాజాలు ఏపాటి?

ఉమ్మా, ఉమ్మా అని ఉపన్యాసాలు దంచే మా షేకుల సంగతీ చెప్పాలి. మోర్సీని దించిన వారంలోనే సౌదీ, ఎమిరేట్స్, కువైట్ కలిసి 12 బిలియన్ డాలర్లు ఇస్తామన్నాయి. ముస్లింను ముస్లిం జనరల్ చంపితే కాబా కాపలాదారులకు నొప్పి పుట్టలేదు. తఖ్తు పోతుందన్న భయమే వాళ్లకు ఈమాన్ కన్నా పెద్దది.

ఇక లౌకిక మిత్రులారా, మీతోనూ మాటుంది. మోర్సీ తన ఉత్తర్వులను కోర్టులకు అందకుండా చేసుకున్నాడు, నిజం. 2013 జూన్ 30న లక్షల జనం అతనికి వ్యతిరేకంగా వీధుల్లోకొచ్చారు, అదీ నిజం. బ్రదర్‌హుడ్ రాజకీయాలు నాకూ పడవు. రాబియా తర్వాత మోర్సీ మనుషులు డజన్ల కొద్దీ చర్చిల మీద పడ్డారు. అది నీచం. మైనారిటీగా బతికే నాకు, తగలబడ్డ ప్రార్థనాలయం ముందు నిలబడ్డ కాప్టిక్ క్రైస్తవుడి గుండె ఎలా ఉంటుందో ఒకరు చెప్పాలా? కానీ నాకు నచ్చని రాజకీయాలున్నవాణ్ణి కాల్చేయొచ్చు అనేది ఏ లౌకికవాదం? ఈజిప్టు ఉదారవాదుల్లో చాలామంది ఆరోజు చప్పట్లు కొట్టారు. ఉపాధ్యక్షుడు అల్ బరాదీ మాత్రం ఆ రోజే రాజీనామా చేశాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో ఎందరో తర్వాత అవే జైళ్లకెళ్లారు. ఆ నవంబరులోనే ఊరేగింపులన్నిటినీ కట్టడి చేసే చట్టమొచ్చింది. అది గడ్డమున్నవాళ్లనూ లేనివాళ్లనూ ఒకేలా పట్టుకుపోయింది.

మమ్మల్ని ఎప్పుడూ ఒక వరసలో నిలబెడతారు. ముందు ఖండించు, తర్వాత ఏడువు. ఇదిగో, ఖండించాను. ఇప్పుడు ఏడవనిస్తారా? మీరూ ఏడుస్తారా?

రాబియా హత్యాకాండకు ఒక్క అధికారినీ బోనెక్కించలేదు. పైగా 2018లో సైన్యపు పెద్దలకు రక్షణగా చట్టం చేశారు. అదే ఏడాది, ఆ ధర్నా కేసులోనే 75 మందికి ఉరిశిక్ష వేశారు. వాళ్లలో 12 మందికి 2021లో పై కోర్టు ఖాయం చేసింది. ఫొటోలు తీసిన పాపానికి షౌకాన్ అనే కుర్రాడు అయిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. మోర్సీ 2019లో కోర్టు బోనులోనే కుప్పకూలి చనిపోయాడు. చివరికి చౌరస్తా పేరూ తీసేసి, 2015లో హత్యకు గురైన ఒక ప్రాసిక్యూటర్ పేరు పెట్టారు. ఊళ్ల పేర్లు, వీధుల పేర్లు ఎందుకు మారుస్తారో మాకు బాగా తెలుసు.

2023 జనవరి 26న సీసీ మన రిపబ్లిక్ డే ముఖ్య అతిథి. రాజ్యాంగం పండుగనాడు ఈజిప్టు సైనికులు ఢిల్లీలో కవాతు చేశారు. ఎన్ని గొంతులు లేచాయి?

బతకడానికి ఆశ, భయం ఎవరికైనా ఉంటాయి. కానీ శవం ఎవరిదో చూసి న్యాయం మాట్లాడటం మాత్రం మానండి. రేపు మీ చౌరస్తాకు బండ్లొచ్చినప్పుడు, మా రాబియా పేరు పెట్టుకున్న పిల్లలే మీ పక్కన కూర్చుంటారు. ఈ చౌరస్తాలో మీరెందుకు లేరని అప్పుడు వాళ్లడిగితే ఏం చెప్తారు?