సీసాలు సేకరిస్తే సరదా, ఇప్పసారా అమ్మితే కేసు: భిలాయ్ చెబుతున్న మద్యం కథ

2025 జూలైలో వారం రోజుల వ్యవధిలో మద్యం మూడుసార్లు పతాక శీర్షికలకెక్కింది. 18న ఉక్కు నగరం భిలాయ్‌లో ఛత్తీస్‌గఢ్ మాజీ ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ కుమారుడు చైతన్య బఘేల్‌ను మద్యం కేసులో ఈడీ అరెస్టు చేసింది. మర్నాడే విజయవాడలో, ఆంధ్రప్రదేశ్ మద్యం కేసులో ఎంపీ మిథున్ రెడ్డిని సిట్ అరెస్టు చేసింది. 24న భారత్, బ్రిటన్ వాణిజ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఆ ఒప్పందం ప్రకారం స్కాచ్ విస్కీపై దిగుమతి సుంకం 150 శాతం నుంచి మొదట 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి దిగుతుంది.

రెండు వార్తలు సర్కారు దుకాణంలో అమ్మిన సీసా గురించి. మూడోది సముద్రం దాటి వచ్చే సీసా గురించి. భిలాయ్‌కి కూతవేటు దూరంలో మొదలయ్యే అడవుల్లో, తరతరాలుగా సీసాతో పని లేకుండా కుండలో తయారవుతున్న మద్యం ఒకటుంది. దాని పేరు ఈ మూడింటిలో దేనిలోనూ లేదు. ఎవరి మద్యం వారసత్వం, ఎవరి మద్యం వ్యాపారం, ఎవరి మద్యం నేరం అన్నది మన దేశంలో ఎలా తేలుతోందో అర్థం కావాలంటే ఆ కుండ దగ్గరికి వెళ్లాలి.

విస్కీ మోజు

పరిమాణంలో చూస్తే ప్రపంచంలో అత్యధికంగా విస్కీ తాగే దేశం మనదే. అయితే ఇక్కడ విస్కీ పేరుతో అమ్ముడయ్యేదానిలో చాలా భాగం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్‌కు రంగు, రుచి కలిపినదే. ఐరోపా నిబంధనల ప్రకారం దాన్ని విస్కీ అనడానికే వీల్లేదు. అక్కడ విస్కీ అంటే ధాన్యం నుంచి తీసి, చెక్క పీపాల్లో కనీసం మూడేళ్లు నిల్వ ఉంచింది.

ఈ పరిస్థితి గత 20 ఏళ్లలో కొంత మారింది. బెంగళూరుకు చెందిన అమృత్ డిస్టిలరీస్ 2004లో తన సింగిల్ మాల్ట్‌ను స్కాట్లండ్‌లోని గ్లాస్గోలోనే విడుదల చేసింది. తర్వాత గోవా నుంచి పాల్ జాన్, హరియాణా నుంచి ఇంద్రి వచ్చాయి. మన వేడికి పీపాల్లోంచి ఏటా ఆవిరైపోయే భాగం స్కాట్లండ్‌లో కంటే చాలా ఎక్కువ. అక్కడ దాదాపు 2 శాతం పోతే, ఇక్కడ 10 శాతం వరకూ పోతుంది. అందుకే మన విస్కీ త్వరగా పక్వానికొస్తుంది.

దీని వెనకే ఒక అభిరుచి కూడా పెరిగింది. పరిమిత సంఖ్యలో విడుదలైన సీసాలను వెతికి కొనడం, మూత తీయకుండా అద్దాల బీరువాలో దాచడం, పదిమందిని పిలిచి తలా ఒక గుటక రుచి చూపించి చర్చించడం మహానగరాల్లో ఇప్పుడు మర్యాదస్తుల కాలక్షేపం. విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా 2 లీటర్లు తెచ్చుకోవచ్చు. అమెరికా నుంచి వచ్చే కొడుకు సూట్‌కేసులో చాక్లెట్ల పక్కన సింగిల్ మాల్ట్ ఉండటం హైదరాబాద్‌లోనూ, భిలాయ్ సెక్టార్లలోని తెలుగు ఇళ్లలోనూ ఎవరికీ వింత కాదు.

చట్టం కూడా ఈ అభిరుచిని సానుభూతితోనే చూస్తుంది. ఢిల్లీలో ఒక ఇంట్లో 132 సీసాలు దొరికాయని పోలీసులు పెట్టిన కేసును 2022లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. 25 ఏళ్లు దాటిన ఒక్కొక్కరు విస్కీ, రమ్ము వంటివి 9 లీటర్లు, బీరు, వైన్ 18 లీటర్ల వరకు ఉంచుకోవచ్చన్నది అక్కడి నిబంధన. ఉమ్మడి కుటుంబంలో అలాంటి పెద్దలు ఆరుగురున్నారు కాబట్టి పరిమితి దాటలేదని కోర్టు తేల్చింది. తీర్పులో తప్పుపట్టడానికేమీ లేదు. కానీ ఇదే లెక్కను అడవి అంచు ఊళ్లకు తీసుకెళ్లి చూడాలి.

కుండలో పుట్టే సారా

భిలాయ్ కర్మాగారానికి 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఉత్తరాంధ్ర నుంచి వందలాది కుటుంబాలు ఉద్యోగాల కోసం అక్కడికి వెళ్లాయి. కొన్ని ఇళ్లలో ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్–విశాఖపట్నం మధ్య వందేభారత్ కూడా తిరుగుతోంది. ఈ ఉక్కు పట్టణానికి ఇనుప ఖనిజం వచ్చింది దక్షిణాన దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని దల్లీ రాజ్‌హరా గనుల నుంచి. గనుల చుట్టూ ఉన్నవి ఆదివాసీ పల్లెలు, ఇప్పచెట్లు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున ఇప్పపువ్వు రాలుతుంది. ఎండ ముదరకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో వెళ్లి ఏరుకొస్తారు. ఎండబెట్టిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరే. బార్లీతో విస్కీ చేయాలంటే గింజను మొలకెత్తించి, పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకోవాలి. ఇప్పపువ్వుకు ఆ అవసరం లేదు. నీళ్లలో నానబెట్టి కొన్ని రోజులు పులియనిస్తే చాలు. ఆ తర్వాత పొయ్యి మీద కుండ, దాని మీద మరో కుండ, పైన చల్లటి నీళ్లు. ఆవిరి చల్లబడి చుక్కలుగా దిగుతుంది. స్కాట్లండ్‌లో రాగి పాత్రల్లో జరిగేదీ సూత్రప్రాయంగా ఇదే.

మొదటి చుక్కలు దేవతకు, పెద్దలకు. పెళ్లి మాట్లాడుకున్నా, తప్పు తీర్పు చెప్పినా, చావుకు కూడినా ఇప్పసారా ఉండాల్సిందే. ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇది కొత్త సంగతేమీ కాదు. సేకరించడం, తయారు చేయడం, పంచుకోవడం అనే మూడు పనులూ నగరాల్లో విస్కీ ప్రియుల హాబీ. ఇక్కడ అవి బతుకులో, ఆచారంలో భాగం. కరవు రోజుల్లో ఈ పువ్వే తిండి కూడా.

ఐదు లీటర్ల గీత

ఈ కుండ మీద ప్రభుత్వాల కన్ను ఇప్పటిది కాదు. బొంబాయి ప్రెసిడెన్సీలో 1892లో తెచ్చిన చట్టం ఏకంగా ఇప్పపువ్వు మీదే ఆంక్షలు పెట్టింది. ఛత్తీస్‌గఢ్‌లో ఇవాళ అమలవుతున్న ఎక్సైజ్ చట్టానికి మూలం 1915 నాటి వలస చట్టమే. లైసెన్సు ఉన్న డిస్టిలరీలో తయారైతేనే పన్ను వస్తుంది. ఎవరింట్లో వాళ్లు కాచుకుంటే ఖజానాకు నష్టం. ఆరోగ్యం, నీతి అన్న మాటలు ఈ లెక్కకు తర్వాత చేరినవే.

స్వాతంత్ర్యం తర్వాత ఆదివాసీలకు ఒక మినహాయింపు మిగిలింది. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగలవారు సొంత వాడకానికి 5 లీటర్ల వరకు ఇప్పసారా ఉంచుకోవచ్చు. చిత్రమేమిటంటే, ఇంట్లో మద్యం కాచుకునే చట్టబద్ధమైన వెసులుబాటు ఉన్నది దాదాపుగా వీళ్లకే. నగరంలోని విస్కీ ప్రియుడికి ఎంత డబ్బున్నా ఆ హక్కు లేదు. కానీ ఆదివాసీ హక్కు గడప దగ్గరే ఆగిపోతుంది. గడప దాటి ఒక సీసా అమ్మితే అది నేరం. బీరువాలో 132 సీసాలున్న కుటుంబం కోర్టులో గెలవగలిగింది. వారపు సంతలో సారా అమ్మే మహిళకు మాత్రం వకీలును పెట్టుకునే స్తోమత కూడా ఉండదు.

పువ్వు అమ్ముకోవడానికి అభ్యంతరం లేదు. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఎండు ఇప్పపువ్వు మద్దతు ధరను కిలోకు 17 రూపాయల నుంచి 30 రూపాయలకు పెంచింది. 2021లో కోర్బా అడవుల ఎండు పువ్వు ఓడెక్కి ఫ్రాన్స్ వెళ్లింది. అంటే ముడిసరుకు అమ్మితే గిరిజన వికాసం, దాని నుంచి తీసిన సారా అమ్మితే ఎక్సైజ్ కేసు. అసలు విలువ చేరేది సారాలో కాబట్టి, లాభం ఎప్పుడూ మరొకరి వాటాకే పోతుంది. పేద కుటుంబాలు వేసవిలో చవగ్గా అమ్ముకున్న పువ్వునే వానాకాలంలో ఎక్కువ ధర పెట్టి తిరిగి కొనుక్కోవడం అడవి ప్రాంతాల్లో మామూలే.

సర్కారే దుకాణం పెడితే

2017లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం మద్యం చిల్లర అమ్మకాలను తన కార్పొరేషన్ చేతిలోకి తీసుకుంది. 2018 ఎన్నికల్లో మద్యనిషేధం హామీ ఇచ్చి కాంగ్రెస్ గెలిచింది. నిషేధం రాలేదు, దుకాణాలు కొనసాగాయి. 2019 నుంచి 2022 వరకు ఈ దుకాణాల ద్వారా 2 వేల కోట్ల రూపాయలకు పైగా దోపిడీ జరిగిందన్నది ఈడీ ఆరోపణ. కంపెనీల నుంచి పెట్టెకింత కమీషన్, నకిలీ హోలోగ్రాములు అంటించిన లెక్కలో లేని దేశీ మద్యం సర్కారు దుకాణాల్లోనే అమ్మకం, డిస్టిలరీల మధ్య వాటాల పంపకం అన్నవి దానిలో ప్రధానాంశాలు. 2025 జనవరిలో ఎక్సైజ్ మాజీ మంత్రి కవాసీ లఖ్మా అరెస్టయ్యారు. ఆయన బస్తర్‌కు చెందిన ఆదివాసీ నాయకుడు. ఇవన్నీ రాజకీయ కక్షసాధింపు కేసులని కాంగ్రెస్ అంటోంది. నిజానిజాలు తేల్చాల్సింది కోర్టులే.

తెలుగు పాఠకులకు ఈ కథ ఎక్కడో విన్నట్లే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019 అక్టోబరు నుంచి 2024 అక్టోబరు వరకు దుకాణాలు ప్రభుత్వానివే. అక్కడా కమీషన్ల ఆరోపణలే, అక్కడా కక్షసాధింపన్న జవాబే. ఎవరు దోషులో తేలకముందే ఒక విషయం మాత్రం చెప్పుకోవచ్చు. ఏ బ్రాండు అల్మారాలో ఉండాలో, ఏది ఉండకూడదో ఒకే చోట కొందరు నిర్ణయించే ఏర్పాటులో అవినీతికి దారి దానంతటదే పడుతుంది. తాగేవాడికి ఎంపిక ఉండదు, తయారు చేసే చిన్నవాడికి చోటు ఉండదు.

నియోగి అడిగిన ప్రశ్న

ఇంతవరకు చదివి, ఇప్పసారాను వదిలేస్తే సరిపోతుందనుకుంటే భిలాయ్ చరిత్ర అడ్డు చెబుతుంది. 1977లో దల్లీ రాజ్‌హరా కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహ నియోగి నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. ఆ జూన్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో 11 మంది చనిపోయారు. పోరాడి కూలి పెంచుకున్నాక, పెరిగిన కూలి సారా దుకాణానికి పోతోందని మొదట గుర్తించింది కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లే. సంఘం మద్యానికి వ్యతిరేకంగా పెద్ద ఉద్యమం నడిపింది. వేల మంది తాగుడు మానారు. సంఘం డబ్బుతోనే 1983లో షహీద్ ఆసుపత్రి వెలిసింది. 1990 తర్వాత నియోగి భిలాయ్ పారిశ్రామికవాడ కాంట్రాక్టు కార్మికుల పోరాటానికి దిగారు. 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లోని తన ఇంట్లో నిద్రలో ఉండగా ఆయన్ను కాల్చి చంపారు. 2005లో సుప్రీంకోర్టు, కాల్పులు జరిపిన వ్యక్తికి యావజ్జీవ శిక్ష ఖరారు చేసి, మిగతా నిందితులను నిర్దోషులుగా వదిలేసింది.

సరిగ్గా ఆ కాలంలోనే, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం రాజుకుంది. 1993 అక్టోబరులో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధమయ్యాయి. 1997లో నిషేధం ఎత్తేశారు. రెండు చోట్లా ఆడవాళ్లు ఎదిరించింది దేవతకు పోసే చుక్కను కాదు. కూలి డబ్బుల రోజున ఊరి మధ్యలో తెరిచి ఉండే కాంట్రాక్టరు దుకాణాన్ని. ఆచారంలో తాగుడుకు సందర్భం ఉంటుంది, పెద్దల అదుపు ఉంటుంది. దుకాణానికి ఉండేది అమ్మకాల లక్ష్యం. అయితే ఇప్పసారా మత్తు కూడా మత్తే. ఇంట్లో దెబ్బలు తినే మనిషికి అది కుండలోదా, సీసాలోదా అన్న తేడా తెలియదు. ఆచారం పేరు చెప్పి ఆమె నోరు మూయించడం కూడా అన్యాయమే.

నిర్ణయం ఎవరిది?

దారులు లేకపోలేదు. గోవా జీడిమామిడి ఫెనీ 2009లో భౌగోళిక గుర్తింపు పొందింది. 2016లో ఆ రాష్ట్రం దాన్ని వారసత్వ పానీయంగా ప్రకటించింది. మధ్యప్రదేశ్ 2022లో వారసత్వ మద్యం విధానం తెచ్చి, అలీరాజ్‌పూర్‌లో గిరిజన మహిళా సంఘాలతో ఇప్పసారాను సీసాల్లో నింపించింది. మన చిత్తూరు జిల్లాలో కిత్తనార మొక్క నుంచి స్పిరిట్ తీసిన డెస్మండ్ నజరెత్ సంస్థ 2018లోనే గోవా మార్కెట్లో ఇప్ప స్పిరిట్ పెట్టింది. నాణ్యత పరీక్షలకు నిలిచి, మంచి ధరకు అమ్ముడయ్యే సరుకు ఇప్పపువ్వు నుంచి వస్తుందని ఇవి నిరూపించాయి. ఆ ధరలో పువ్వు ఏరిన చేతికి ఎంత దక్కుతుందన్నదే మిగిలిన ప్రశ్న.

దానికి జవాబు 1996 నాటి పెసా చట్టంలో ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని, చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యం కూడా దానికే దక్కాలని ఆ చట్టం చెబుతోంది. ఛత్తీస్‌గఢ్ 2022లో పెసా నియమాలు కూడా తెచ్చింది. మా ఊళ్లో సారా వద్దని ఆడవాళ్లు గ్రామసభలో తీర్మానిస్తే సర్కారు దుకాణానికి కూడా అది వర్తించాలి. కావాలని తీర్మానిస్తే చిన్న లైసెన్సు, మిథనాల్ పరీక్ష, ఊరి సంఘం పేరుతో సీసా ఉండాలి. స్కాట్లండ్ రైతుకు, డిస్టిలరీకి మేలు జరిగేలా సుంకం తగ్గించగలిగిన దేశానికి ఇది కష్టమైన పనేమీ కాదు.

సుంకం తగ్గితే భిలాయ్ సెక్టార్లలోని బీరువాల్లో స్కాచ్ సీసాలు మరికొన్ని చేరతాయి. చేరనివ్వండి. కానీ 90 కిలోమీటర్ల దూరంలో పువ్వు ఏరి, పులియబెట్టి, చుక్క చుక్కా పట్టే మహిళ తన సరుకు అమ్మాలా, మానాలా అని చెప్పే అధికారం ఎక్సైజ్ కార్యాలయంలో కాకుండా ఆమె కూర్చునే గ్రామసభలో ఉండాలి.