డేటా సైన్స్ అంటే అమెరికానేనా? ఒకసారి పారిస్ వైపు కూడా చూడండి

డేటా సైన్స్, ఏఐ నేర్చుకుని బయటికి వెళ్లాలనుకునే మనవాళ్లలో ఎవర్ని కదిపినా ముందు అమెరికా అంటారు. కాదంటే లండన్, అదీ కాదంటే జర్మనీ. పారిస్ అని చెప్పేవాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు. పారిస్ అంటే మనకి ఈఫిల్ టవర్, పెర్ఫ్యూమ్, హనీమూన్ ఫొటోలు. మహా అయితే 2024 ఫిబ్రవరిలో ఈఫిల్ టవర్ టికెట్లకి యూపీఐ మొదలైనప్పుడు వచ్చిన వార్త గుర్తుంటుంది.

నా ఒపీనియన్ సూటిగా చెప్పేస్తా. మనలాంటి వాళ్ల చేతికి ఫ్రీగా అందే డేటా సైన్స్ విషయంలో యూరప్‌లో పారిస్‌ని మించిన సిటీ లేదు. లండన్‌లో డీప్‌మైండ్ ఉంది కదా అంటారు. ఉంది, కాదనను. కానీ వాళ్ల పనిలో మనం డౌన్‌లోడ్ చేసుకుని, విప్పి చూసి, మార్చుకుని వాడుకునేది ఎంత? పారిస్ నుంచి వచ్చినవాటిలో అలాంటివి చాలానే ఉన్నాయి, మీకు తెలియకుండానే వాడేస్తున్నారు కూడా.

అమీర్‌పేటలో డేటా సైన్స్ కోర్సు చేసినా, యూట్యూబ్‌లో ఫ్రీగా నేర్చుకున్నా మెషిన్ లెర్నింగ్ మొదలయ్యేది సైకిట్-లెర్న్ లైబ్రరీతోనే. ఇది 2007లో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ ప్రాజెక్టుగా మొదలైంది, మొదలుపెట్టింది డేవిడ్ కూర్నపో. కానీ దాన్ని నిలబెట్టింది మాత్రం ఇన్రియా. ఫ్రాన్స్ ప్రభుత్వ కంప్యూటర్ సైన్స్ పరిశోధన సంస్థ అన్నమాట. పారిస్ పక్కనే సాక్లేలో మెదడు స్కాన్‌ల డేటా మీద పనిచేస్తున్న ఒక టీమ్‌కి సింపుల్‌గా, నమ్మకంగా పనిచేసే టూల్ కావాల్సి వచ్చింది. గయెల్ వారోకో, అలెగ్జాండర్ గ్రామ్‌ఫోర్ వగైరా దాన్ని చేతిలోకి తీసుకున్నారు. 2010 ఫిబ్రవరి 1న మొదటి పబ్లిక్ రిలీజ్ వచ్చింది. ఫిట్, ప్రెడిక్ట్ అని రెండు ముక్కల్లో పని అయిపోయే ఆ పద్ధతి ఎంత బాగుందంటే, తర్వాత వచ్చిన లైబ్రరీలు కూడా చాలావరకు అదే దారి పట్టాయి. జీతాలిచ్చింది ఫ్రాన్స్ పబ్లిక్ డబ్బు, వాడుకుంటోంది ప్రపంచమంతా. ఇది నాకు చాలా నచ్చిన విషయం.

పారిస్‌లోనే ఎందుకు? ఒక్క ముక్కలో చెప్పాలంటే మ్యాథ్స్. అక్కడ స్కూల్ అయ్యాక మంచి ఇంజనీరింగ్ కాలేజీల్లో చేరాలనుకునేవాళ్లు రెండేళ్ల పాటు ‘ప్రెపా’ అనే క్లాసుల్లో మ్యాథ్స్, ఫిజిక్స్‌తో కుస్తీ పడతారు. మన ఇంటర్‌లో ఐఐటీ కోచింగ్ బ్యాచ్‌లాంటిదే, అదే టెన్షన్, అదే ర్యాంకుల గోల. తేడా ఏంటంటే, అక్కడ ర్యాంకు వచ్చినవాళ్లలో కొందరు మ్యాథ్స్‌నే జీవితంగా తీసుకుంటారు. ఇంట్లోవాళ్లు కంగారుపడరు. మన దగ్గర టాప్ ర్యాంకర్ ‘ప్యూర్ మ్యాథ్స్ చేస్తా’ అంటే ఇంట్లో ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఫీల్డ్స్ మెడల్ గెలిచిన గణిత శాస్త్రవేత్త సెడ్రిక్ విలానీ ఎంపీ అయ్యాడు. దేశానికి ఏఐ పాలసీ ఎలా ఉండాలో 2018లో రిపోర్టు రాసిచ్చింది ఆయనే. ఈ టాలెంట్ చూసే ఫేస్‌బుక్ 2015లో తన ఏఐ రీసెర్చ్ ల్యాబ్‌ని పారిస్‌లో తెరిచింది. అప్పట్లో ఆ ల్యాబ్‌లన్నిటికీ పెద్ద అయిన యాన్ లెకన్ కూడా ఫ్రెంచివాడే.

ఆ ల్యాబ్ వల్ల ఏమైందో తర్వాత ఎనిమిదేళ్లకి తెలిసింది. 2023 ఫిబ్రవరిలో మెటా మొదటి లామా మోడల్ వచ్చింది కదా, ఆ పేపర్ రాసినవాళ్లలో చాలామంది పారిస్ ఆఫీసువాళ్లే. వాళ్లలో ఇద్దరు, గియోమ్ లాంపుల్, టిమోతీ లక్రువా, డీప్‌మైండ్ నుంచి వచ్చిన ఆర్థర్ మెన్ష్‌తో కలిసి అదే ఏడాది ఏప్రిల్‌లో మిస్ట్రల్ ఏఐ పెట్టారు. సెప్టెంబర్‌కల్లా మిస్ట్రల్ 7బి రిలీజ్. ఈవెంట్ లేదు, స్టేజీ లేదు, టీజర్ వీడియో లేదు. ఒక టారెంట్ లింక్ పోస్ట్ చేసి ఊరుకున్నారు! అపాచీ లైసెన్స్, అంటే కమర్షియల్‌గా కూడా వాడుకోవచ్చు. 16 జీబీ ర్యామ్ ఉన్న నా పాత ల్యాప్‌టాప్‌లో, ఇంటర్నెట్ కట్ చేసి, ఒక చాట్ మోడల్ ఇంగ్లిష్‌లో గడగడా జవాబులు చెప్పడం చూసింది దాంతోనే. ఆ కిక్కు ఏ ఫ్లాగ్‌షిప్ ఫోన్ అన్‌బాక్సింగ్‌లోనూ రాలేదు నాకు.

గ్యాడ్జెట్ల వైపు నుంచి చూస్తే ఇంకో కథ ఉంది. స్నిప్స్ అని 2013లో పారిస్‌లో పెట్టిన స్టార్టప్. అలెక్సా, గూగుల్ అసిస్టెంట్ మన మాటల్ని సర్వర్‌కి పంపుతున్న రోజుల్లో, వీళ్లు మొత్తం పని డివైస్‌లోనే జరిగే వాయిస్ అసిస్టెంట్ తయారుచేశారు. రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు మీద కూడా నడిచేది. ఇవాళ ప్రతి లాంచ్ ఈవెంట్‌లో వినే ‘ఆన్-డివైస్ ఏఐ’ వాళ్లు అప్పుడే చేసి చూపించారు. 2019లో అమెరికన్ స్పీకర్ల కంపెనీ సోనోస్ స్నిప్స్‌ని కొనేసింది.

పారిస్ మీద నాకున్న పెద్ద కంప్లైంట్ ఇదే. అక్కడ పుట్టినవి అక్కడ పెరగవు. డేటా సైన్స్ టీమ్‌లు వాడే డేటైకు పారిస్‌లో పుట్టి హెడ్ ఆఫీస్ న్యూయార్క్‌కి మార్చుకుంది. ఓపెన్ మోడల్స్ అన్నిటికీ అడ్డా అయిన హగ్గింగ్ ఫేస్ ఫౌండర్లు ముగ్గురూ ఫ్రెంచివాళ్లు, కంపెనీ పెట్టింది మాత్రం న్యూయార్క్‌లో. మిస్ట్రల్ విషయంలో 2025 సెప్టెంబర్‌లో కొంచెం తేడా కనిపించింది. చిప్స్ తయారుచేసే మెషిన్లు చేసే డచ్ కంపెనీ ఏఎస్ఎంఎల్ దాంట్లో 130 కోట్ల యూరోలు పెట్టింది. యూరప్ డబ్బు యూరప్ ఏఐ కంపెనీకి ఈ స్థాయిలో రావడం చిన్న విషయం కాదు.

ఇక మనకి నేరుగా సంబంధం ఉన్న సంగతి. పారిస్‌కి దక్షిణాన ఓర్సేలో ‘జాన్ జే’ అనే ప్రభుత్వ సూపర్ కంప్యూటర్ ఉంది. 2022లో దాని మీద బ్లూమ్ అనే మోడల్‌ని ట్రైన్ చేశారు. 17,600 కోట్ల పారామీటర్లు, వెయ్యి మందికి పైగా పరిశోధకులు, 384 జీపీయూలు, దాదాపు నాలుగు నెలల రన్. ఫ్రాన్స్‌లో కరెంటు ఎక్కువ భాగం న్యూక్లియర్ కాబట్టి కార్బన్ లెక్క కూడా తక్కువ. ఆ మోడల్‌కి నేర్పిన 46 మానవ భాషల్లో తెలుగు ఒకటి! చాట్‌జీపీటీ బయటికి రాకముందే ఫ్రాన్స్ ప్రజల పన్ను డబ్బుతో నడిచే మెషిన్ మీద తెలుగు నేర్చుకున్న మోడల్ ఒకటి ఉంది. సంబరపడండి, కానీ ఎక్కువొద్దు. దానికి తినిపించిన డేటాలో తెలుగు వాటా నూటికి ఒక వంతు కూడా లేదు. హిందీకీ ఒక శాతం దాటలేదనుకోండి, అయినా మనకంటే చాలా నయం.

మిస్ట్రల్ 2025 ఫిబ్రవరిలో అరబిక్‌తో పాటు దక్షిణ భారత భాషల కోసం అంటూ సబా అనే మోడల్ తెచ్చింది. అనౌన్స్‌మెంట్‌లో ఉదాహరణగా పేరు చెప్పింది మాత్రం తమిళం. తమిళం మీద ఏడుపు కాదు ఇది. ఇంటర్నెట్‌లో శుభ్రమైన టెక్స్ట్ ఎవరిది ఎక్కువ ఉంటే వాళ్ల పేరే ముందు వస్తుంది. మనం తెలుగుని కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తుంటే మోడల్ ఏం నేర్చుకుంటుంది?

అందుకే హైదరాబాద్‌ని ‘ఏఐ హబ్’ అని హెడ్డింగ్ పెట్టినప్పుడల్లా నాకు చిన్న డౌట్ వస్తుంది. ఎన్ని కంపెనీలు వచ్చాయి, ఎన్ని లక్షల చదరపు అడుగుల ఆఫీస్ స్పేస్ నిండింది, ఇదే మన కొలత. పారిస్‌లోనూ స్టేషన్ ఎఫ్ అని పాత రైల్వే సరుకుల షెడ్డులో 2017లో తెరిచిన భారీ స్టార్టప్ క్యాంపస్ ఉంది, మన టీ-హబ్‌ లాగానే. కానీ పారిస్‌ని పారిస్ చేసింది ఆ బిల్డింగ్ కాదు. ప్రభుత్వ ల్యాబ్‌లో ఏళ్ల తరబడి కూర్చుని ఫ్రీ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు. మన దగ్గర ఐఐఐటీ హైదరాబాద్ తెలుగు మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. హైటెక్ సిటీలో కొత్త టవర్‌కి వచ్చే హెడ్‌లైన్స్‌లో పదో వంతు కూడా ఆ పనికి రాదు.

సరే, ‘వెళ్లమంటావా, వద్దంటావా’ అని అడిగేవాళ్ల కోసం. హెచ్-1బీ కొత్త అప్లికేషన్‌కి లక్ష డాలర్ల ఫీజు అని 2025 సెప్టెంబర్‌లో అమెరికా ప్రకటించాక చాలామంది వేరే దారులు వెతుకుతున్నారు. ఫ్రాన్స్ అయితే 2030కల్లా 30,000 మంది ఇండియన్ స్టూడెంట్స్ కావాలంటోంది, ఈ మాట వాళ్ల ప్రెసిడెంట్ మాక్రాన్ చెప్పిందే. పబ్లిక్ యూనివర్సిటీల్లో యూరప్ బయటివాళ్లకి మాస్టర్స్ ఫీజు 2019లో ఏడాదికి 3,770 యూరోలుగా పెట్టారు, తర్వాత కొద్దిగా పెరిగింది. అమెరికా ఫీజులతో పోలిస్తే అసలు లెక్కే కాదు. పారిస్ రెంట్ల సంగతి మాత్రం వేరే, అక్కడ జేబు ఖాళీ అవుతుంది.

ఒక్క జాగ్రత్త. మన కన్సల్టెన్సీలు ‘పారిస్‌లో డేటా సైన్స్ మాస్టర్స్’ అని అమ్మేవాటిలో చాలావరకు ప్రైవేట్ బిజినెస్ స్కూల్ కోర్సులు. ఫీజు పబ్లిక్ యూనివర్సిటీకి ఎన్నో రెట్లు ఉంటుంది, మ్యాథ్స్ అంతంతమాత్రం. పైన చెప్పిన జనం వచ్చింది అక్కడి నుంచి కాదు. సాక్లేలో ఎంవీఏ అనే మాస్టర్స్ ప్రోగ్రామ్ ఉంది, మెషిన్ లెర్నింగ్‌లో ఫ్రాన్స్‌లో దానికున్న పేరే వేరు. సీటు రావాలంటే లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ గట్టిగా వచ్చి ఉండాలి. ఫ్రెంచ్ కూడా నేర్చుకోండి. ల్యాబ్‌లో ఇంగ్లిష్‌తో నెట్టుకొచ్చేయొచ్చు, కానీ ఇల్లు అద్దెకి తీసుకోవాలన్నా, రెసిడెన్స్ పర్మిట్ కాగితాలు నింపాలన్నా ఫ్రెంచ్ రాకపోతే చుక్కలు కనిపిస్తాయి.

వెళ్లే ఉద్దేశం లేనివాళ్లకి వేరే పని ఉంది. సైకిట్-లెర్న్ కోడ్ గిట్‌హబ్‌లో తెరిచే ఉంది, కొత్తవాళ్ల కోసమని లేబుల్ పెట్టిన ఇష్యూలు కూడా అందులోనే ఉంటాయి. దానికి వీసా అక్కర్లేదు.